కొండ కింద కాపలా

మొన్న శనివారం సాయంత్రం కూరగాయల సంచీతో మా మూసాపేట అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగేసరికి, ఎదురు ఫ్లాటులో కొత్తగా చేరిన జంట కారు డిక్కీ తెరిచి వెనక సీట్లు మడుస్తున్నారు. ఇద్దరివీ గచ్చిబౌలిలో ఉద్యోగాలు. సీట్ల మీద పరుపు పరవడం, అది తలుపుకి అడ్డం పడటం, మళ్ళీ బయటికి లాగడం, ఒకళ్ళనొకళ్ళు విసుక్కోవడం. ఏం చేస్తున్నారమ్మా అంటే, కొండెక్కడానికి వెళ్తున్నాం ఆంటీ, రాత్రికి కింద పార్కింగులోనే కారులో పడుకుని తెల్లవారగానే ఎక్కుతాం అంది ఆ అమ్మాయి. అని ఊరుకోకుండా, "దోమలకి భయపడి అద్దాలన్నీ మూసేస్తే ఊపిరాడదేమో కదాంటీ?" అని అడిగింది. యాభై రెండేళ్ళు వచ్చి, మోకాళ్ళకి పట్టీలు వేసుకుని, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకునే మనిషిని పట్టుకుని అడగాల్సిన ప్రశ్న కాదది. కానీ నాకు జవాబు తెలుసు. "రెండు పక్కలా వేలెడంత దించి, దోమతెర ముక్క అడ్డం పెట్టుకోండి. తల పెట్టుకునే వైపు ఎత్తుగా ఉండేట్టు చూసి ఆపుకోండి, లేకపోతే రాత్రంతా నెత్తురు నెత్తికెక్కుతుంది" అన్నాను. "మీరూ వెళ్ళారా ఆంటీ!" అని ఆ పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుంది. వెళ్ళాను, ఎక్కలేదు అని చెప్పి లిఫ్టులోకి వచ్చేశాను. పైకి చేరేలోపు సంచీ పిడి మెలిపెట్టి మెలిపెట్టి తెంపేశానని, బెండకాయలు కాళ్ళ మీద పడ్డాక గాని తెలియలేదు.

ఆ ఒక్కసారీ నన్ను తీసుకెళ్ళింది మా తమ్ముడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడలో ఉద్యోగం చేసేవాడు. ఏం ఉద్యోగంరా అంటే ప్రొడక్షన్ సపోర్టు అనేవాడు. నాకర్థమైనంతలో అదేమిటంటే, అమెరికాలో డాక్టర్లు రాసిన మందుల చీటీలని మందుల షాపులకి చేరవేసే సిస్టమ్ ఒకటుంది. అది ఆగిపోతే మావాడి ఫోన్ అంబులెన్సులాగా కూస్తుంది. కూసిన పావుగంటలో ‘చూస్తున్నాను’ అని బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఆ కూత మేనేజరు ఫోన్‌కి పోతుంది, అతనూ ఎత్తకపోతే అతని పైవాడికి. ఈ కాపలాని వాళ్ళు ఆన్‌కాల్ అంటారు. మొదట్లో ఆరుగురు వారానికొకరు చొప్పున వంతులు వేసుకునేవారు. ఒక్కొక్కళ్ళనే ఇంటికి పంపించేసి చివరికి మావాడిని మిగిల్చారు. అప్పట్నుంచీ ప్రతి వారమూ వాడి వంతే. స్నానానికి వెళ్తే ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని సబ్బు పక్కన పెట్టుకునేవాడు. అమ్మ తద్దినం నాడు తడి పంచెతో పీట మీద కూర్చుని, వేలికి దర్భ పవిత్రం అలాగే ఉంచుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఇరవై నిమిషాలు టకటకలాడించాడు. విస్తట్లో పిండాలు ఆరిపోతున్నాయి. పురోహితుడు గడియారం చూసుకుని, "కానివ్వండి బాబూ, మీ పితృదేవతలు ఆగుతారు, ఆఫీసువాళ్ళు ఆగరు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పురోహితుడితో పోట్లాడాను, తర్వాత తమ్ముడితో పోట్లాడాను, వాడి తరఫున మాట్లాడబోయిన మా మరదలితో కూడా పోట్లాడాను. మా ఇంట్లో నా నోటికి భయపడని వాళ్ళు లేరు. దాన్ని నేను ఒక గుణంగానే లెక్కవేసుకునేదాన్ని.

రక్తపోటు పెరిగిందని డాక్టరు నడవమంటే, మావాడు ఆఫీసువాళ్ళ కొండలెక్కే బృందంలో చేరాడు. మన దిక్కున ఎండ ఎక్కకముందే ఎక్కి దిగెయ్యాలి కాబట్టి వాళ్ళు శనివారం సాయంత్రమే బయల్దేరి, కొండ కింద కార్లు ఆపుకుని వాటిలోనే పడుకుని, ఆదివారం తెల్లవారుతూనే ఎక్కుతారట. పోనీలే, వీడికి కాస్త గాలి తగుల్తోంది అని సంతోషించాను. ఒకరోజు భోజనానికి వెళ్తే మరదలు ఆ కొండల ఫొటోలు చూపించింది. తొమ్మిది కొండలు. తొమ్మిది ఫొటోల్లోనూ మావాడు అదే టోపీ పెట్టుకుని అదే కారుకి ఆనుకుని నిలబడ్డాడు. పక్కన ఇతరుల కార్లు, వెనక ఎక్కడో పొగలాగా కొండ.

"ఇవన్నీ పార్కింగులే కదరా. కొండ ఏది?" అన్నాను.

వాడు అన్నం కలపడం ఆపాడు. మరదలు వాడికేసి చూసింది. ఆమెకీ అప్పుడే తట్టినట్టుంది.

"పైన సిగ్నల్ ఉండదక్కా" అన్నాడు.

తొమ్మిది కొండల దాకా వెళ్ళి ఒక్కటీ ఎక్కలేదు. అందరూ ఎక్కి దిగొచ్చేదాకా లాప్‌టాప్ పెట్టుకుని వాళ్ళ కార్లకి, చెప్పులకి, బిర్యానీ డబ్బాలకి కాపలా కూర్చున్నాడు. వాళ్ళు దిగొచ్చి, పైన గాలి చూడాలి బాస్ అని చెప్తుంటే విని ఇంటికొచ్చి మరదలికి అదంతా తన మాటగా చెప్పాడు. నాకు పులుసులో చెయ్యి పెట్టుకుని ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే అది కోపంగానే బయటికొస్తుంది. పెళ్ళాంతో అబద్ధాలేమిట్రా, నువ్వు మనిషివా గేటు దగ్గర కట్టేసిన కుక్కవా అని ఏవేవో అన్నాను. వాడు చివరిదాకా విని, "ఒక్కసారి పైనుంచి చూడాలని ఉందక్కా, అంతే" అన్నాడు. నలభై మూడేళ్ళవాడు అడిగిన కోరిక అది. ఆ క్షణంలో నేనే అనేశాను: "ఆ ఫోన్ నాకిచ్చి నువ్వెక్కు. నేను కింద కూర్చుంటాను. నా మోకాళ్ళు ఎలాగూ ఎక్కవు."

వికారాబాద్ దాటాక ఒక కొండ ఎంచుకున్నాడు. ఆఫీసు బృందానికి చెప్పలేదు, మేమిద్దరమే. దారంతా వాడు నోటితో ఏదో పాట లాగిస్తూనే ఉన్నాడు. కొండ కింద అడవిశాఖ వాళ్ళ గేటు, దాని ముందు ఎర్రమట్టి మైదానం, ఒక టీ బండి. మాతోపాటు నాలుగైదు కార్లు. మావాడు కారు ఆపడానికే పావుగంట తీసుకున్నాడు. నేల వాలు చూసి, చక్రం కింద రాయి పెట్టి, సీట్లు మడిచి, వాటి మధ్య పల్లం వచ్చిన చోట దుప్పట్లు కుక్కి, పైన పరుపు వేసి, అద్దాలకి దోమతెర ముక్కలు క్లిప్పులతో బిగించి, ఇంత చేసి చివరికి తల వైపే పల్లంలో పెట్టాడు. తొమ్మిదిసార్లు పడుకున్నావు కదరా అంటే, "ఇన్నాళ్ళూ డ్రైవరు సీట్లోనే కూర్చుని కునికానక్కా, పడుకోవడం ఇదే మొదలు" అన్నాడు. పులిహోర తిన్నాం. మళ్ళీ కారు తిప్పి ఆపాం. టీ బండి ఆవిడ ఇదంతా చూస్తూ ఉండి ఇక పట్టలేక వచ్చి, "ఏందమ్మా, మీకు ఇల్లు గిట్ల లేదా? ముసల్దానివి, గీ కారుల పండుకుంటున్నవ్!" అంది. ఇల్లుందమ్మా, బుద్ధే లేదు అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వింది. ముసల్దానివన్నందుకు మామూలుగానైతే ఆవిడతో అరగంట వాదించేదాన్ని. ఆ పూట ఎవరి మీదా కోపం రాలేదు. పడుకున్నాక మావాడు ఫోన్ ఛాతీ మీద పెట్టుకున్నాడు. వాడి ఊపిరికి అది పైకీ కిందికీ ఊగుతూ ఉంది. తెల్లారేసరికి అద్దాల లోపలివైపు మా ఇద్దరి ఊపిరీ నీళ్ళై కారుతోంది. నా నడుము నాది కాకుండా పోయింది.

అయిదున్నరకి గేటు తెరిచే వేళకి కాగితం ఒకటి నా చేతికిచ్చాడు. ఆరు వరసలు, తెలుగులో, చిన్నప్పటి గుండ్రటి చేతిరాత. ఫోన్ కూస్తే మొదట ఆకుపచ్చ బటన్. తర్వాత లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టు. ఫోన్‌కొచ్చే అంకెలు వెయ్యి. ఎర్రగా ఉన్న పెట్టె మీద నొక్కు. రీస్టార్ట్ అను. పచ్చగా మారేదాకా చూడు. పాస్‌వర్డు ఆ కొండ పేరే. మూడు నెలలకోసారి మార్చాలట, ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ అయిపోయాక కొండల పేర్లలో పడ్డాడు. "పాస్‌వర్డు ఎవరికన్నా ఇస్తే ఉద్యోగం తీసేస్తారక్కా. అసలు ఆదివారం పొద్దున మోగదు. మోగినా నువ్వు నొక్కేస్తావు. మేనేజరు ఫోన్ చేస్తే మాత్రం, బాత్రూంలో ఉన్నాడు, వచ్చాక చేస్తాడు అను. అంతే. ఇంకొక్క మాట మాట్లాడకు. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. నిజంగానే చేతులు జోడించాడు. నాకేమన్నా పిచ్చా, వెళ్ళు అన్నాను. గేటు దాటాక రెండుసార్లు వెనక్కి తిరిగి జేబు తడుముకున్నాడు. మూడోసారి తిరగలేదు.

ఆరుంబావుకి కూసింది. చేతిలో టీ ఒలికింది. కానీ చెప్పొద్దూ, భయం కంటే ఉత్సాహమే ఎక్కువ వేసింది. కళ్ళజోడు పెట్టుకుని, కొత్త వంటకం పుస్తకంలో చూసి చేసినట్టు ఒక్కో వరసా వేలితో చూపించుకుంటూ చేశాను. ఎర్ర పెట్టె పచ్చబడింది. అమెరికాలో శనివారం రాత్రి ఎవరికో ఆగిపోయిన మందు నేను మళ్ళీ కదిలించాను. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి డిమాండు, సప్లయి అని చెప్తున్నాను గాని, ఎక్కడా ఏదీ నేను కదిలించిన జ్ఞాపకం లేదు. అంత గర్వం నాకు ఎమ్మే పాసైనప్పుడు కూడా లేదు. అదిగో, ఆ గర్వం మీద ఉండగా మేనేజరు ఫోన్ వచ్చింది.

"సూపర్ బ్రో, అయిదు నిమిషాల్లో ఎత్తేశావ్. ఏమైందో ఒక్కసారి చెప్తావా?" అన్నాడు. కుర్ర గొంతు.

"వాడు లేడండి. నేను వాళ్ళక్కని."

"ఓ, సారీ మేడమ్. ఒకసారి ఫోన్ ఇస్తారా?"

బాత్రూం అన్న మాట నాలిక చివర ఉంది. అది అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ తొమ్మిది పార్కింగులు, తడి పంచె, సబ్బు పక్కన ఫోను, అన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చాయి. "కొండెక్కాడండి. ఆదివారం. ఎక్కకూడదా?" అన్నాను.

"అయ్యో, ఎక్కొచ్చు మేడమ్. మరి ఇప్పుడు రీస్టార్ట్ చేసిందెవరండీ?"

"నేనే. ఆరు బటన్లు. ఎకనామిక్స్ చెప్పేదాన్ని, కళ్ళజోడు తుడుచుకుంటూ చేశాను. ఈ ఆరు బటన్లకా బాబూ మా తమ్ముణ్ణి ఇన్నేళ్ళు కట్టేశారు? ఇంకొక మనిషిని పెట్టుకోలేరా మీరు? మా అమ్మ తద్దినం కూడా..."

ఎంతసేపు మాట్లాడానో తెలియదు. వాదనలో నేను గెలుస్తున్నప్పుడు అవతలివాళ్ళు నోరెత్తరు, నాకు అలవాటే. అతనూ ఎత్తలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగాక, చాలా మెల్లిగా అన్నాడు: "మేడమ్... లైన్లో ఇంకో ముగ్గురున్నారు. క్లయింటు సైడు వాళ్ళు. వాళ్ళలో ఒకాయనకి తెలుగొచ్చు."

కొంచెం సేపటికి అతనే మళ్ళీ విడిగా ఫోన్ చేశాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నాకు చేతనైన పని దొరికేది. "ఏడున్నర లోపు ఆయన్ని నాకు కాల్ చెయ్యమనండి మేడమ్. పక్కనే ఉండి మీ చేత నొక్కించానని ఆయన చెప్తే, నేను ఏదోటి సర్దుతాను. ఏడున్నర దాటితే పైకి రాసెయ్యాలి, నా చేతిలో ఉండదు" అన్నాడు.

మావాడు ఏడూ పదికి దిగొచ్చాడు. వాణ్ణి ముందు చూసింది టీ బండి ఆవిడ. "ఇగో, వస్తుండు మీ తమ్ముడు. పెండ్లికొడుకు లెక్క ఉన్నడు" అంది. నిజమే. ముఖమంతా చెమట, మోకాలి దగ్గర ప్యాంటు చిరిగింది, పరిగెత్తినట్టు వస్తున్నాడు. ఇరవయ్యేళ్ళ వెనక్కి వెళ్ళి ఎవరినో పిలుచుకొచ్చినట్టుంది. "మోగిందా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

ఎందుకన్నానో ఏడాదిగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆ ముఖాన్ని ఇంకొక్క పది నిమిషాలు అలా ఉండనిద్దామనుకున్నాను. టీ తాగనిచ్చి చెబుదాం, ఇంకా ఇరవై నిమిషాలుంది అనుకున్నాను. ఇది ఒక సంగతి. రెండో సంగతి, నాకు భయం వేసింది. జీవితంలో మొదటిసారి నోరు పెగల్లేదు. వాడు టీ గ్లాసు పట్టుకుని చెప్తూనే ఉన్నాడు. పైన ఒక పెద్ద బండ ఉందట, దాని మీద కూర్చుంటే కిందంతా మంచు, ఆ మంచులోంచి రెండు చెరువులు ఒకదాని తర్వాత ఒకటి బయటపడ్డాయట. ఒక నెమలి తనకంటే చాలా కిందగా ఎగురుతూ పోయిందట, నెమలి వీపు పైనుంచి చూడటం అదే మొదటిసారట. జేబు తడుముకుంటే ఫోన్ లేదు, గుండె జారిపోయిందక్కా, కాసేపటికి నవ్వొచ్చింది, ఒక్కణ్ణే పిచ్చివాడిలా నవ్వాను అన్నాడు. ఇంకో టీ అడిగాడు. ఫోన్ అడగలేదు. మోగలేదని అక్క చెప్పింది కదా. నా సంచీలో, శబ్దం తీసేసిన ఫోను నా తొడకి ఆనుకుని వణుకుతోంది. ఆగుతోంది, మళ్ళీ వణుకుతోంది. వాడి వెనక కారులో గడియారం కనిపిస్తోంది. ఏడూ ఇరవై అయిదు చూశాను. ఏడున్నర చూశాను. ఏడూ ముప్ఫై నాలుగు చూశాను. వాడింకా చెరువుల గురించే చెప్తున్నాడు.

చేవెళ్ళ దగ్గర, మరదలికి కొండెక్కానని చెప్తాను, ఫోన్ ఇవ్వక్కా అన్నాడు. ఇచ్చాను. కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. చాలాసేపు తెర మీద వేలితో కిందికి కిందికి లాగుతూ చదివాడు. నేను మొత్తం చెప్పాను, ఏడుస్తూ, తిట్టుకుంటూ. వాడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఏడున్నర లోపు అన్నాడా అక్కా?"

అన్నాడు అన్నాను.

"నేను ఏడూ పదికి దిగాను కదా" అన్నాడు. నింద కాదది. ఇంజనీరు కదా, ఎక్కడ తప్పిందో లెక్క చూసుకున్నాడు. చూసుకుని మేనేజరుకి ఫోన్ చేశాడు. అతను ఎత్తాడు గాని, సారీ తప్ప చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. సోమవారం పొద్దున వాడి కార్డుకి ఆఫీసు గేటు తెరుచుకోలేదట.

వారం పోయాక, వాడికి చెప్పకుండా నేనే వెళ్ళాను ఆ ఆఫీసుకి. తప్పు నాది, నా మాట వినండి అని చెబుదామని. మెట్రో దిగి, షేర్ ఆటో ఎక్కి, చెప్పాల్సినవన్నీ వరసగా మనసులో పెట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, మహబూబ్‌నగర్ వైపు మనిషి, మర్యాదగానే, "మేడం, ఐడీ లేకుంటె లోపల్కి పంపరు. ఎవరికి చెప్తరు మీరు? నాకు చెప్తే ఏమొస్తది? జర గా నీడకు నిలబడుండ్రి, ఎండ కొడ్తున్నది" అన్నాడు. రెండు గంటలు నిలబడ్డాను. వందల మంది లోపలికి పోయారు, వచ్చారు, అందరి మెడల్లోనూ తాళ్ళు. వాదించడానికి అక్కడ ఎవరూ లేరు. అద్దాల్లో నేనే కనిపించాను, గొడుగు పట్టుకుని, నోరు మూసుకుని.

పాస్‌వర్డు బయటివాళ్ళకిచ్చాడన్న ముద్రతో వాడికి ఈ దారిలో ఏ అద్దాల మేడా తలుపు తియ్యలేదు. పాత ఆఫీసులో అడుగుతారు, వాళ్ళు ఉన్నదే చెప్తారు. మరదలు ఇప్పుడు రెండు చోట్ల ట్యూషన్లు చెప్తోంది. నాతో మాట్లాడదు. ఆమె తప్పేమీ లేదు, ఆమె జాగాలో నేనుంటే ఇంకా చాలా చేసేదాన్ని. తమ్ముడు మాత్రం మాట్లాడతాడు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనలేదు నన్ను. తిట్టరా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నీదేముందక్కా, నేనిచ్చిన పాస్‌వర్డే కదా" అంటాడు. ఫోన్ ఎక్కడో పెట్టి మర్చిపోతాడు. బాత్రూంలోకి ఒట్టి చేతులతోనే వెళ్తాడు. ఇన్నాళ్ళూ నేను వాడికి కావాలని పోట్లాడిందంతా వాడికి దొరికింది. రోజంతా ఖాళీ. ఆ ఖాళీలో పడుకుని ఫ్యానుకేసి చూస్తాడు. మళ్ళీ ఒకసారి కొండకి పోదామా, ఈసారి నీ కూడా నేనూ పాక్కుంటూ ఎక్కుతాను అంటే, "ఇప్పుడెందుకక్కా" అని గోడవైపు తిరుగుతాడు.

బెండకాయలు ఏరుకుని లోపల పెట్టాక, ఆ శనివారం రాత్రి నిద్ర పట్టలేదు. ఆదివారం పొద్దున్నే వాడింటికి వెళ్ళాను. మరదలు తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడించాలని, ఒరే, ఆ పైనుంచి నెమలి ఎగిరితే వీపు ఏ రంగులో కనిపించిందిరా అన్నాను. వాడు నాకేసి తిరిగి, నిజంగా ఆలోచించాడు. నుదురు ముడివేసుకుని, పరీక్షలో ప్రశ్న అర్థం కాని పిల్లాడిలా చాలాసేపు ఆలోచించాడు.

"నెమలా? నెమలిని చూశానా అక్కా నేను?" అన్నాడు. ఆగి, నన్ను నొప్పించకూడదన్నట్టు, "చూసే ఉంటానులే" అన్నాడు.

ఆ మంచూ, ఆ రెండు చెరువులూ, ఎక్కనిదాన్ని నాకు గుర్తున్నాయి. నేను ఫోన్లో అన్న మాటలైతే అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి. ఏడాది కాలం వచ్చి మా ఇద్దరి దగ్గరా వెతుక్కుని, పట్టుకుపోవడానికి కొండ మీది వాడి ఆ గంటా నలభై నిమిషాలనే ఎంచుకుంది.